నాటకానికి ప్రొసీనియమా, బ్లాక్ బాక్సా?
రవీంద్రభారతిలో ఉన్నది ప్రొసీనియం స్టేజీ, అంటే ముందు తెర, పక్కల వింగ్స్ (జనానికి కనపడని పక్క చోట్లు), జనమంతా ఒకేవైపు. డైలాగ్ మర్చిపోతే వింగ్‌లోంచి ప్రాంప్టర్ అందిస్తాడు, ఎంట్రీకి ముందు అక్కడే నిలబడి చెమట తుడుచుకోవచ్చు, సెట్ మార్చాలంటే తెర వేసేస్తే సరి.

బ్లాక్ బాక్స్‌లో ఇవేవీ ఉండవు. నల్లగోడల గది, కుర్చీలు ఎటు కావాలంటే అటు. లైట్లు ఆర్పితే సీన్ అయిపోయినట్టే. ముందు వరసవాళ్లు చేయి చాస్తే అందేంత దగ్గర్లో ఉంటారు కాబట్టి కనురెప్ప వణికినా తెలిసిపోతుంది. సురభివాళ్ల మాయాబజార్ లాంటి ట్రిక్కుల నాటకం మాత్రం ఇక్కడ కష్టం, ఆ తీగలన్నీ దాచేదెక్కడ? పద్యనాటకానికీ ప్రొసీనియమే నయం. ఇద్దరు ముగ్గురు పాత్రలే ఉంటే నేనైతే కళ్లు మూసుకుని బ్లాక్ బాక్సే అంటా, సెట్టు ఖర్చు టెన్షన్ కూడా తక్కువ.