అలాస్కా ఓడలో రాత్రి భోజనానికి ఏం కట్టుకోవాలి?

గత జూన్‌లో అమ్మానాన్నలని తీసుకుని సియాటిల్ నుంచి అలాస్కాకి ఏడు రాత్రుల క్రూజ్‌కి వెళ్లొచ్చాం. మేం ఉండేది డాలస్‌లో. అమ్మావాళ్లది ఆమదాలవలస. టికెట్లు, వీసాలు, గదులు అన్నీ నెల ముందే తేలిపోయాయి. ఆఖరి రోజు దాకా తేలనిది ఒక్కటే, రాత్రి భోజనాలకి ఏ బట్టలు సర్దుకోవాలన్నది.

దీనికి కారణం మాకు టికెట్లు బుక్ చేసిన ఏజెంటు. "వారంలో రెండు ఫార్మల్ నైట్స్ ఉంటాయి, ఆ రోజు మగవాళ్లకి సూటు తప్పనిసరి, లేకపోతే డైనింగ్ హాల్లోకి రానివ్వరు" అని ఫోన్లో గట్టిగా చెప్పాడు. నాన్న రిటైర్డ్ టీచరు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పొందూరు ఖద్దరు పంచె, లాల్చీతోనే బడికి వెళ్లారు. సూటు ఏనాడూ వేసుకోలేదు. విషయం చెప్పగానే, "మీరు హాల్లో తినండమ్మా, నేను గదిలో ఏదో ఒకటి తినేస్తాను" అన్నారు. ఎంత మామూలుగా అన్నారో, నాకు అంత బాధేసింది. అంత దూరం తీసుకొచ్చి ఆయన్ని గదిలో ఒంటరిగా తినమంటామా? మా ఆయన ఆ శనివారమే వెళ్లి ఒక సూటు కొనుక్కొచ్చారు. నాన్న తొడుక్కుని అద్దం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏమీ అనలేదు.

ఆ రాత్రి కూర్చుని క్రూజ్ కంపెనీల నియమాలు ఒక్కొక్కటీ చదివాను. తేలిందేమిటంటే, ఇది అందరికీ ఒకేలా ఉండదు. నార్వేజియన్ వాళ్లకి ఫార్మల్ నైట్ నిర్బంధమే లేదు. సెలబ్రిటీ వాళ్లు 'ఈవినింగ్ షిక్' అంటారు, కార్నివాల్ వాళ్లు 'క్రూజ్ ఎలిగెంట్' అంటారు. పేర్లే గొప్ప, మంచి ప్యాంటూ కాలరున్న చొక్కా ఉంటే ఇబ్బంది ఉండదు. పట్టింపు ఎక్కువ ఉన్నది క్యునార్డ్‌లో. వాళ్ల ఫార్మల్ రాత్రులకి (గాలా ఈవినింగ్స్ అంటారు) టక్సీడోనో, అంటే బో టై కట్టే నల్ల విందు సూటో, ముదురు రంగు సూటో కావాలి. అంత పట్టింపు ఉన్నవాళ్లు కూడా ఎవరి దేశపు సంప్రదాయ దుస్తుల్లో వాళ్లు రావచ్చని స్పష్టంగా రాశారు. మా ఓడ వాళ్లకి ఫోన్ చేసి "మా నాన్నగారు పంచె కట్టుకుంటారు, ఫర్వాలేదా?" అని అడిగాను. తప్పకుండా రమ్మనండి అన్నారు. ఇది వినగానే నాన్న మొహం చూడాలి! సూటు ట్యాగ్ కూడా తీయకుండా తిరిగి ఇచ్చేశాం.

అమ్మ సంగతి ఇంకోలా వచ్చింది. నా పెళ్లినాటి కంచిపట్టు చీర తెచ్చుకుంది. పట్టుకుని చూస్తే కిలో దగ్గర ఉంటుంది. ఓడలో గదికి ఇస్త్రీ పెట్టె తీసుకెళ్లనివ్వరు, ఆవిరితో ముడతలు తీసే స్టీమర్ కూడా ఒప్పుకోరు, నిప్పు భయం. మా ఓడలో డబ్బులు తీసుకుని ఇస్త్రీ చేసిస్తారు గానీ, జరీ చీరని తెలియని చేతికి ఇవ్వడానికి అమ్మకి మనసొప్పలేదు. అందుకని కంచిపట్టు డాలస్‌లోనే ఉంచేసి, ఉప్పాడ చీర ఒకటి, మంగళగిరి చీరలు రెండు పెట్టాం. ఉప్పాడ జాందానీ బరువే ఉండదు, మడిస్తే చేతి రుమాళ్ల కట్టంత అవుతుంది. రెండు ఫార్మల్ రాత్రులకీ అదే చీర, రెండోసారి జాకెట్టు మార్చింది. ఓడ మీద మనల్ని రెండుసార్లు గుర్తుపెట్టుకుని చూసేవాళ్లు ఎవరూ ఉండరు.

సియాటిల్లో ముందు రోజు రాత్రి ఎయిర్‌పోర్ట్ పక్కన హోటల్లో దిగాం. చవక, గది శుభ్రం. అయితే వాళ్ల ఉచిత వ్యాన్ ఎయిర్‌పోర్ట్ దాకానే, రేవు దాకా రాదు. పెద్దవాళ్లతో, నాలుగు పెట్టెలతో టాక్సీ ఖర్చు కలుపుకుంటే డౌన్‌టౌన్ హోటల్‌కీ దీనికీ పెద్ద తేడా లేదు. మళ్లీ వెళ్తే డౌన్‌టౌన్‌లోనే, పైక్ ప్లేస్ మార్కెట్‌కి నడిచే దూరంలో దిగుతాను.

మొదటి రోజు భోజనం గురించి ముందే తెలిసి ఉంటే బాగుండేది. రేవులో పెట్టెలు తీసేసుకుంటారు, అవి గది తలుపు దగ్గరికి ఎప్పుడొస్తాయో చెప్పలేం. మావి రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చాయి, మా భోజనం అయిదున్నరకి. పొద్దున్నుంచీ కట్టుకుని తిరిగిన చీరతోనే అమ్మ హాల్లోకి వచ్చింది. అందరిదీ అదే పరిస్థితి కాబట్టి మొదటి రాత్రి ఎవరూ ఏమీ అనరు. కానీ చేతిసంచీలో ఒక జత బట్టలు, మందులు, ఒక శాలువా పెట్టుకోండి. శాలువా ఎందుకంటే ఆ హాల్లో ఏసీ ఎముకలు కొరికేస్తుంది. అమ్మ అన్ని రాత్రులూ భుజాన శాలువాతోనే తింది.

రెండో రోజంతా సముద్రం మీదే, ఆ రాత్రే మొదటి ఫార్మల్ నైట్. మా గది చిన్నది. మంచానికీ అద్దానికీ మధ్య ఒక మనిషి నిలబడేంత చోటు. అమ్మ కుచ్చిళ్లు పెట్టుకుంటుంటే ఓడ ఒకవైపు వాలింది, చేతిలో కుచ్చిళ్లు జారిపోయాయి. నేను కింద కూర్చుని అంచులు పట్టుకున్నాను, రెండోసారి నిలిచాయి. గది గోడలు ఇనుపవి కాబట్టి అయస్కాంతపు కొక్కేలు అతుక్కుంటాయి. ఓ అరడజను తీసుకెళ్లాం, చీరలూ పంచెలూ వాటికే వేలాడాయి. స్నానం చేసినప్పుడు వేడినీళ్ల ఆవిరి పట్టిస్తే లాల్చీ ముడతలు చాలావరకు పోయాయి. పంచె ముడతలు మాత్రం అరచేత్తో చెమ్మ చేసి, మడిచి, పరుపు కింద పెట్టుకుని పడుకోవడమే. అది నాన్న హాస్టల్ రోజుల పద్ధతి.

హాల్లోకి వెళ్లేసరికి టక్సీడోలు ఉన్నాయి, గౌన్లు ఉన్నాయి, మామూలు చొక్కా మీద కోటు వేసుకున్నవాళ్లు ఇంకా ఎక్కువ ఉన్నారు. ఒక గుజరాతీ కుటుంబంలో పెళ్లికొడుకు లాంటి కుర్రాడు షేర్వానీలో వచ్చాడు. నాన్న తెల్ల పంచె, లాల్చీ, ఉత్తరీయంతో తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగారు. అక్కడి అమ్మాయి "వెల్కమ్ సర్" అంటూ నవ్వి దారి చూపించింది. అంతే. నెల రోజుల టెన్షన్ అక్కడితో పోయింది.

మాకు వడ్డించినది ఇండోనేషియా కుర్రాడు. సూప్ పెడుతూ నాన్న ఉత్తరీయం వైపు చూసి, ఇది ఏ గుడ్డ అని అడిగాడు. వాళ్ల ఊళ్లో గుడ్డల మీద మైనంతో బాతిక్ అద్దకం వేస్తారట. నాన్న ఉత్తరీయం తీసి అతని చేతికిచ్చారు. పొందూరులో దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, గింజలు తీసి, చేత్తో సన్నగా వడుకుతారని మా పాప ఇంగ్లీషులో చెప్తే, ఆ అబ్బాయి గుడ్డని దీపం వెలుతురుకి ఎత్తి చూశాడు. "చేప దవడా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ రోజు నుంచి ప్రతి రాత్రీ ముందు నాన్న దగ్గరికే వచ్చి పలకరించేవాడు.

భోజనం సంగతి. హెడ్ వెయిటర్ గోవా ఆయన. ముందు రోజు రాత్రే చెప్తే మర్నాటికి పప్పు, కూర, అన్నం చేయించి పెట్టేవాడు. కారం మన లెక్కలో తక్కువే, ఆవకాయ సీసా మా దగ్గర ఉంది. మనిషికి నలభై డాలర్లు అదనంగా ఇచ్చి ఇటాలియన్ రెస్టారెంట్‌కి ఒక రాత్రి వెళ్లాం. శాకాహారులకి ఆ డబ్బు దండగ, అదే పాస్తా పెద్ద హాల్లో ఉచితంగా పెడతారు. పైన బఫేలో ఏ రాత్రీ ఫార్మల్ బట్టల పట్టింపు లేదు. ఫార్మల్ నైట్ మీద ఆసక్తి లేనివాళ్లు అక్కడ హాయిగా తినొచ్చు.

అయిదున్నర భోజనం పెట్టుకోవడం షుగరున్న నాన్నకి మంచిదే అయింది గానీ, ఓడ రేవులో ఆగే రోజుల్లో పరుగే. జూనోలో మెండెన్‌హాల్ హిమానీనదం చూసి, స్కాగ్వేలో వైట్ పాస్ రైలెక్కి వచ్చేసరికి పాప కూర్చున్నచోటే నిద్రపోయింది. ఆ రైలు 1900లో పూర్తయిన నారోగేజ్ దారి, బంగారం వేటకి వెళ్లేవాళ్ల కాలంలో వేసింది. ఆ రెండు రాత్రులూ జీన్సు, స్వెట్టర్లతోనే హాల్లోకి వెళ్లాం. అలాస్కా ఓడల్లో చాలామంది అంతే. కెచికాన్‌లో వాన మొదలైతే ఆగదు. అక్కడ తడిసిన బూట్లు మర్నాటికి కూడా ఆరలేదు, భోజనానికి విడిగా ఒక జత చెప్పులు ఉండాలి. అమ్మకి మడమలేని చెప్పులే మేలు, ఓడ ఊగుతుంటే హీల్స్ ప్రమాదం.

రెండో ఫార్మల్ నైట్ డాస్ హిమానీనదం చూసిన రోజున వచ్చింది. పగలంతా డెక్ మీద మూడు పొరలు వేసుకుని వణికాం. సాయంత్రం అమ్మ ఉప్పాడ చీరలో కిటికీ పక్కన కూర్చుంటే, జూన్ కదా, బయట పట్టపగలే. అక్కడ రాత్రి పది దాకా వెలుతురే. మంచుకొండల మీంచి వచ్చే ఆ పల్చటి ఎండలో చీర బుటాలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. ఓడ ఫోటోగ్రాఫర్ తెర ముందు తీసిన ఫోటోలు ఒక్కోటి ఇరవై డాలర్ల పైనే. ఒకటి కొన్నాం. కిటికీ దగ్గర నేను ఫోన్లో తీసిందే అమ్మకి నచ్చింది, ఊళ్లో అదే ఫ్రేము కట్టించుకుంది.

ఆఖరి రాత్రి ఓడ కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది. విదేశీ ఓడ సియాటిల్లో ఎక్కించుకున్నవాళ్లని తిరిగి సియాటిల్లో దించాలంటే మధ్యలో ఒక విదేశీ రేవు తాకి తీరాలి, 1886 నాటి చట్టం అది. అమ్మావాళ్లకి కెనడా వీసా తీసింది ఈ కొన్ని గంటల కోసమే. మేం రేవు చేరింది ఎనిమిదింటికి కాబట్టి ఆ రాత్రి భోజనం దిగే బట్టలతోనే కానిచ్చేశాం. వచ్చాక పెట్టెలు సర్ది తలుపు బయట పెట్టేయాలి, పొద్దున వాటిని రేవులోనే చూస్తాం. మర్నాడు కట్టుకునేవి ముందే బయట పెట్టుకోకపోతే రాత్రి వేసుకున్నవాటితోనే దిగాలి. పక్కగది ఆవిడ అలాగే నైట్‌డ్రెస్ మీద కోటు వేసుకుని దిగింది. నాన్న మాత్రం ఉతికిన పంచె ఒకటి మొదటి రోజు నుంచీ చేతిసంచీ అడుగున అలాగే ఉంచారు.