స్క్వేర్ డాన్స్ కాలింగ్: కాగితమా, ముక్కలా, కంటిచూపా? ఏది మేలు?

నాలుగు జంటలు, ఎనిమిది మంది, చతురస్రంలో ఒక్కో వైపు ఒక్కో జంట చొప్పున నిలబడతారు. మైకు పట్టుకున్న కాలర్ ఏం చెప్తే అది చేస్తారు. తర్వాత ఏం రాబోతోందో వాళ్లకు తెలియదు. అమెరికన్ స్క్వేర్ డాన్స్‌లో మజా అంతా అక్కడే ఉంది. మన కోలాటంలో కోపులు ముందే సాధన చేస్తాం, గురువు సైగ చేస్తే మారతాం. ఇక్కడ సాధన చేసేది విడి కదలికలను, అంటే కాల్స్‌ను, మాత్రమే. వాటిని ఏ వరసలో గుచ్చాలన్నది కాలర్ ఇష్టం.

ఇష్టమే గానీ, చివర్లో లెక్క అప్పజెప్పాలి. జడ కోలాటం చూసినవాళ్లకు ఈ బాధ వెంటనే అర్థమవుతుంది. తాళ్లను జడలా అల్లడం ఒక ఎత్తు, చిక్కు పడకుండా విప్పడం ఇంకో ఎత్తు. స్క్వేర్‌లో తాళ్లు కనబడవు, అంతే తేడా. ఎవరి భాగస్వామి వాళ్ల దగ్గరికి చేరాలి, జంటలు వరస తప్పకుండా ఉండాలి, అప్పుడే ‘అలమాండ్ లెఫ్ట్’ (పక్క జంటలో తమకు దగ్గరగా ఉన్న మనిషితో, అంటే కార్నర్‌తో, ఎడమ చేయి కలిపి తిరగడం) అని పిలిచి అందరినీ ఇంటికి, అంటే మొదట నిలబడ్డ చోటికి, పంపగలం. ఆ విప్పడం ఎలా అన్న దగ్గరే కొత్త కాలర్ ముందు మూడు దారులు ఉంటాయి.

మొదటిది కాగితం. వరస మొత్తం ఇంట్లో రాసుకుని, సరిచూసుకుని, హాల్లో చదవడమే. సరిచూడటానికి నా పద్ధతి ఇది: క్వార్టర్, డైమ్, నికెల్, పెన్నీ అనే అమెరికన్ నాణేలు రెండేసి చొప్పున తీసుకుంటాను. ఒక్కో రకం నాణెం ఒక్కో జంట. బొమ్మ పడితే మగవాళ్లు, బొరుసు పడితే ఆడవాళ్లు. ఎటు చూస్తున్నారో తెలియడానికి అంచున పెన్నుతో ఒక చుక్క పెడతాను. వంటింటి బల్ల మీద ఎనిమిది నాణేలు తిప్పుతుంటే ఇంట్లోవాళ్లు విచిత్రంగా చూస్తారు, అది వేరే సంగతి.

కాగితంలో ఉన్న సుఖం, లెక్క తప్పదు. కష్టం ఏమిటంటే, కళ్లు కాగితం మీద ఉంటే జనం మీద ఉండవు. ఒక స్క్వేర్ తడబడినా, మనం తరవాతి గీతకు వెళ్లిపోతాం. ఏ ఒక్క కాల్ మళ్లీ చేయించాలన్నా వరస మొత్తం పాడవుతుంది. అయితే పాట పాడుతూ పిలిచే సింగింగ్ కాల్‌కు మాత్రం కాగితమే రాజు. అక్కడ పాట నడక ముందే ఖాయం: 64 బీట్ల భాగాలు ఏడు. మొదలు, మధ్య, చివర పోగా మిగిలిన నాలుగింటిలో అమ్మాయి ఒక్కోసారి ఒక్కో కార్నర్ అబ్బాయి దగ్గరికి మారి, నాలుగోసారి తిరిగి సొంత జంటను చేరుకుంటుంది. పాటతో పాటు కదలిక కూడా ఖాయమైనప్పుడు రాసుకోవడంలో సిగ్గేముంది?

రెండోది ముక్కలు. వీటిని మాడ్యూల్స్ అంటారు. చిన్న చిన్న వరసలను కంఠతా పట్టి, పూసల్లా కలుపుకుంటూ పోవడం. ‘హెడ్స్ స్క్వేర్ త్రూ ఫోర్’ అన్నామంటే, హెడ్ జంటల్లో (కాలర్‌కు ముఖం పెట్టి ఒకటి, వీపు పెట్టి ఒకటి నిలబడే ఎదురెదురు జంటలు) ఒక్కొక్కరూ తమ కార్నర్‌కు ఎదురుగా నిలుస్తారు. అది లోపలికి దారి. అక్కడే ‘అలమాండ్ లెఫ్ట్’ అంటే బయటికి దారి. ఈ రెండింటి మధ్యలో, మొదలైన చోటికే మళ్లీ తెచ్చే వరసలు ఎన్నయినా పెట్టుకోవచ్చు. వీటిని జీరో అంటారు. ‘రైట్ అండ్ లెఫ్ట్ త్రూ’ రెండుసార్లు చేయించడం అన్నిటికన్నా సులువైన జీరో. మొదటిసారి ఎదుటి జంటతో చోటు మారతారు, రెండోసారి వెనక్కి వస్తారు. ఇలాంటివి పాతిక తెలిసినా ఒక సాయంత్రం గడిచిపోతుంది. కళ్లు జనం మీదే ఉంటాయి, లెక్క జేబులో ఉంటుంది.

ఇబ్బంది లేకపోలేదు. పాత నర్తకులు ముక్కల రుచి పసిగట్టేస్తారు. మూడో వారానికి, ఆ కాల్ నోట్లోంచి రాకముందే చేతులు చాపుతారు. ఇంకోటి, ముక్కలు కలిపే చోట చేతుల సంగతి చూసుకోవాలి. ఒక ముక్క కుడి చేత్తో ముగిసి, తరవాతిది కూడా కుడి చేత్తోనే మొదలైతే ఒళ్లు ఒప్పుకోదు, బండి బ్రేకు కొట్టినట్టు ఆగుతారు.

మూడోది కన్ను, అంటే సైట్ కాలింగ్. ముందుగా రెండు జంటలను గుర్తుపెట్టుకుని, నచ్చినట్టు పిలిచి, వాళ్లను చూస్తూ చిక్కు విప్పడం. మొదటి జంటను కలపాలి, తర్వాత రెండో జంటను కలపాలి, అప్పుడు వాళ్లు ఎక్కడున్నారో చూసి బయటికి దారి వెతకాలి. మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు. మంచి కాలర్లు ఇలా పిలుస్తుంటే చూడటం ఒక వింత. హాల్లో ఎవరు తడబడుతున్నారో చూసి, అదే కాల్‌ను ఇంకో కోణం నుంచి అప్పటికప్పుడు మళ్లీ ఇస్తారు. పాఠం చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నేనూ అలాగే అనుకున్నాను. కొత్త బ్యాచ్, హాల్లో ఒకే ఒక్క స్క్వేర్. సైట్ కాలింగ్ మొదలుపెట్టాను. సరిగ్గా నేను గుర్తుపెట్టుకున్న జంటే ఎడమకు బదులు కుడికి తిరిగింది. ఇక ఎవరు ఎవరో తెలియలేదు. ముగిసేసరికి ఒక పెద్దావిడ నడుం మీద చేతులు పెట్టుకుని, ‘బాబూ, మా ఆయన్ని ఎవరికి ఇచ్చేశావ్?’ అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం చెమటలు పట్టాయి.

సైట్ కాలింగ్ గురించి గొప్పగా చెప్పేవాళ్లు చాలామంది చెప్పనిది ఇదే. ఆ పద్ధతి మన జ్ఞాపకం మీద ఒక్కదాని మీదే ఆధారపడదు, ఆడేవాళ్లు తప్పు చేయకపోవడం మీద కూడా ఆధారపడుతుంది. పది స్క్వేర్లున్న పెద్ద హాల్లో ఒకటి చెడితే ఇంకోదాన్ని చూడొచ్చు. నేర్చుకునేవాళ్లతో, ఒకటో రెండో స్క్వేర్లు నిండే ఊరి క్లబ్బులో ఆ వెసులుబాటు లేదు. ఏంజెల్స్, అంటే సాయానికి వచ్చే పాత నర్తకులు, స్క్వేర్‌లో రెండు జంటలుంటే వాళ్లనే గుర్తుపెట్టుకోవాలి. ఈ చిట్కా నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ పెద్దావిడకు నేను జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది కాదు.

అందుకే, ఊరి క్లబ్బులో కొత్తవాళ్లకు నేర్పేవారికి నా ఓటు ముక్కలకే. మెయిన్‌స్ట్రీమ్ అనే స్థాయిలో దాదాపు 70 కాల్స్ ఉంటాయి. ఇప్పుడు 50 కాల్స్‌తో సరిపెట్టే సోషల్ స్క్వేర్ డాన్స్ పద్ధతీ ఉంది. ఏది నేర్పినా, ఆ వారం చెప్పిన కొత్త కాల్ కలిసిన జీరోలు నాలుగైదు జేబులో వేసుకుని వెళ్తే పాఠం నడుస్తుంది.

కన్నును వదిలేయమని మాత్రం అనను. జీరోకూ జీరోకూ మధ్య రెండు మూడు కాల్స్ సొంతంగా వేసి, విప్పి చూడండి. విప్పలేకపోతే ‘ఇళ్లకు వెళ్లండి’ అని నవ్వుతూ చెప్పేయొచ్చు, అందులో తప్పేం లేదు. నర్తకులు కాస్త గట్టిపడ్డాక ఆ రెండు మూడు ఐదారు అవుతాయి. కాగితం కూడా సంచీలోనే ఉంటుంది, సింగింగ్ కాల్ కోసం.

ఇక నాణేలు. వచ్చే మంగళవారం కొత్త కాల్ ఉంది. ఎనిమిదింటిలో ఒక నికెల్ ఎక్కడో పోయింది. ఈ రాత్రికి దాన్ని వెతకాలి.