ఫీనిక్స్ బే నుంచి స్వరాజ్ ద్వీప్ దాకా: కొత్త దంపతులు ప్రభుత్వ ఓడ ఎక్కవచ్చా?

పెళ్లయిన కొత్తలో అండమాన్ వెళ్లాలనుకునే జంటలకు ట్రావెల్ ఏజెంట్లు చూపించే ప్యాకేజీలో హోటల్ గది, స్కూబా డైవింగ్, అద్దాల అడుగున్న పడవ, కొవ్వొత్తుల వెలుగులో విందు, ఇలా అన్నింటి గురించీ వివరంగా రాసి ఉంటుంది గాని, పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు ఏ ఓడలో తీసుకెళ్తారన్న సంగతిని మాత్రం ‘ఫెర్రీ’ అన్న ఒక్క ముక్కతో తేల్చేస్తారు. ఈ సమీక్ష ఆ ఒక్క ముక్క గురించే. ఉద్యోగరీత్యా మా వారికి పోర్ట్ బ్లెయిర్ బదిలీ కావడంతో, మా హనీమూనూ కొత్త కాపురమూ ఒకే ఊళ్లో, ఒకే పెట్టెలతో మొదలయ్యాయి. అందువల్ల ఈ ఓడల్ని మొదట సందర్శకులుగా, ఆ తరువాత ఇక్కడివాళ్లుగా చూసే వీలు మాకు కలిగింది. ఈ రెండు చూపులకూ మధ్య చాలా తేడా ఉంది.

ముందుగా పేర్ల విషయం చెప్పాలి, లేకపోతే టికెట్టు వెతికేటప్పుడే తికమక పడతారు. 2018 డిసెంబరు 30న హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని, నీల్ ద్వీపానికి షహీద్ ద్వీప్ అని, రాస్ ద్వీపానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేర్లు మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. కాగితాల్లో కొత్త పేర్లు, ఆటోవాళ్ల నోట పాత పేర్లు నడుస్తున్నాయి కనుక రెండూ గుర్తుంచుకోవడం మేలు.

స్వరాజ్ ద్వీప్‌కు విమానాశ్రయం లేదు, రోడ్డు మార్గమూ లేదు, దాదాపు అందరూ సముద్రం మీదుగానే వెళ్తారు. ఇందుకు రెండు దారులున్నాయి. మొదటిది హాడో రేవు నుంచి బయలుదేరే ప్రైవేటు కాటమరాన్లు. ఇవి సుమారు గంటన్నరలో చేరుస్తాయి, ఏసీ ఉంటుంది, సీట్లు మెత్తగా ఉంటాయి, టికెట్టు నెలల ముందే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ధర మాత్రం వెయ్యి రూపాయలు దాటుతుంది. రెండవది అండమాన్ పాలనా యంత్రాంగం ఫీనిక్స్ బే జెట్టీ నుంచి నడిపే ప్రభుత్వ ఓడలు. వీటికి దాదాపు రెండున్నర గంటలు పడుతుంది, ధర చాలా తక్కువ. ఏజెంట్లు కొత్త జంటలకు అడగకుండానే మొదటి దారిని ఖాయం చేస్తారు. వేగం, ఏసీ, ముందే చేతికందే టికెట్టు అన్నీ ఉన్నాయి కనుక వారిని తప్పుపట్టలేము. అయినా వెళ్లేటప్పుడు ప్రైవేటు పడవలోనూ, వచ్చేటప్పుడు ప్రభుత్వ ఓడలోనూ ప్రయాణించాక నా అభిప్రాయం స్పష్టంగా ఒకవైపే ఉంది: ఇద్దరికీ నడవగలిగే ఓపిక ఉండి, సముద్రం శాంతంగా ఉన్న రోజైతే, కనీసం ఒక వైపు ప్రయాణమైనా ప్రభుత్వ ఓడలో చేయవలసిందే.

మేము ఎక్కిన ప్రైవేటు పడవ పేరు చెప్పను, ఎందుకంటే అందులోని లోపాలు చాలావరకు ఆ తరహా పడవలన్నింటి తయారీలోనే ఉన్నాయి. లోపలికి ఎక్కగానే తలుపులు మూస్తారు, గమ్యం చేరేదాకా బయటికి రానివ్వరు. కిటికీ అద్దాల మీద ఉప్పునీటి తుంపరలు ఎండి చారలు కట్టడం వల్ల సముద్రం మసకగా తప్ప కనిపించదు. ఎదురుగా టీవీలో పాటలు మోగుతుంటాయి. వేగంగా పోయే తేలికపాటి పడవ కావడం వల్ల చిన్న అల వచ్చినా ఊపు బాగా తెలుస్తుంది. కదలని గోడల మధ్య కూర్చుని కదిలే నేల మీద ఉండడం వల్లనే కడుపులో తిప్పుతుందన్న సంగతి ఆ రోజు మా చుట్టూ ఉన్న కొత్త జంటలందరికీ ఒకేసారి అనుభవంలోకి వచ్చింది. గోరింటాకు ఆరని చేతులతో వాంతి సంచులు పట్టుకున్న పెళ్లికూతుళ్లు, ఏం చేయాలో తెలియక నీళ్ల సీసాలు అందిస్తున్న పెళ్లికొడుకులు! ‘డెక్కు మీద సీటు’ అని చెప్పి మాకు టికెట్లు అంటగట్టిన ఏజెంటు, ఆ పడవకు ప్రయాణికులు నిలబడే డెక్కే లేదని మేము ఫోన్ చేసి చెప్పినప్పుడు, ఎంతో మర్యాదగా, వచ్చేసారి చూద్దామన్నాడు.

తిరుగు ప్రయాణానికి మేమే స్వయంగా జెట్టీ కౌంటర్లో నిలబడి ప్రభుత్వ ఓడ టికెట్లు తీసుకున్నాము. ఈ ఓడలో విలాసం లేదు. లోపల వరుసగా సీట్లు, కిందా పైనా అంతస్తులు, తాళ్లతో కట్టిన సామాను, అంతే. కాని మెట్లెక్కి పైకి వెళ్తే బల్లలు, కడ్డీలు, గాలి, నలువైపులా నీళ్లు ఉంటాయి. పెద్దలు కుదిర్చిన సంబంధం మాది. నిశ్చితార్థం నుంచి అప్పగింతల దాకా మేము మాట్లాడుకున్న ప్రతి మాటనూ ఎవరో ఒకరు వింటూనే ఉన్నారు. హోటల్ గదిలో కూడా ‘అన్నం తిన్నారా, నీళ్లు మరిగించినవే తాగుతున్నారా’ అని రెండిళ్ల నుంచి ఫోన్లు వస్తూనే ఉండేవి. ఒడ్డు దాటగానే సిగ్నల్ పోయింది. చేయడానికి పనేమీ లేక, దిగిపోయే వీలూ లేక, సముద్రాన్ని చూస్తూ రెండున్నర గంటలు కూర్చున్నప్పుడు, మా వారు చిన్నప్పుడు భీమిలిలో ఈత నేర్చుకోబోయి మునిగినంత పనైన కథ మొదలుకొని, జీతంలో ఎంత అప్పుకు పోతుందన్న లెక్క దాకా అన్నీ వాటంతట అవే వచ్చాయి. నిదానంగా వెళ్లడమే ఈ సేవలోని గొప్పతనం అంటే ఏ రవాణా అధికారీ ఒప్పుకోకపోవచ్చు, నాకు మాత్రం అలాగే అనిపించింది.

డెక్కు మీద నుంచి కనిపించేవాటిలో ముఖ్యమైనవి చెబుతాను. నడిసముద్రంలో నీలం ముదిరి సిరారంగుకు వచ్చినప్పుడు, ఓడ చీల్చిన అల కింద నుంచి ఎగిరే చేపలు గుంపుగా లేచి, నీటి మట్టానికి కాస్త పైన చాలా దూరం గాలిలో జారి, మళ్లీ మునుగుతాయి. పిచ్చుకలనుకుని పొరబడడం సహజం. శ్రీ విజయపురం దగ్గరపడుతుండగా నార్త్ బే దీపస్తంభం కనిపిస్తుంది. పాత ఎర్రని 20 రూపాయల నోటు వెనుక కొబ్బరిచెట్లతో ఉన్న దృశ్యం ఆ వైపుదే. నోటు దాచుకున్నవారు తెచ్చుకుని పోల్చి చూసుకోవచ్చు, మా పక్కనున్న పెద్దాయన అదే పని చేశారు. అటు తరువాత నేతాజీ ద్వీపం, ఎత్తు మీద సెల్యులార్ జైలు కనిపిస్తాయి. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ జైలు ఏడు బారుల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర కూడా అండమాన్‌లో శిక్ష అనుభవించి, తిరిగి వెళ్లి, తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. హనీమూన్ ప్రయాణంలో జైలు మాట ఎందుకని కొందరు అనుకోవచ్చుగాని, మన మన్యం మనిషి ఈ నీళ్లు దాటాడని తెలిసి కూడా చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక టికెట్టు సంగతి. ప్రభుత్వ ఓడ విషయంలో అసలు కష్టం ఇక్కడే ఉంది. ప్రయాణానికి కొద్ది రోజుల ముందు మాత్రమే టికెట్లు వదులుతారు కనుక, విమానం టికెట్లు నెలల ముందే కొనుక్కుని, ఏ రోజు ఏ ద్వీపంలో ఉండాలో ముందే రాసుకుని వచ్చే పర్యాటకులకు ఇది గుండె దడ పుట్టించే పద్ధతి. గుర్తింపు కార్డు ఉన్న ద్వీపవాసులకు ధర ఇంకా తక్కువ. వారికి ఇది ఆసుపత్రికి, కాలేజీకి, బజారుకు వెళ్లే బస్సు లాంటిది కాబట్టి ఆ ప్రాధాన్యం న్యాయమే. వెళ్లేటప్పుడు ప్రైవేటు పడవకు ముందే టికెట్టు కొనుక్కుని, తిరుగు ప్రయాణానికి మాత్రం స్వరాజ్ ద్వీప్ చేరాక జెట్టీలో ప్రయత్నించడం నాకు తోచిన మధ్యేమార్గం. అయితే మరునాడే విమానం ఉన్నవారు ఈ పని చేయకూడదు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల కాలంలోనూ, సంవత్సరం చివర్లో వాయుగుండాలు పట్టినప్పుడూ వాతావరణం బాగుండకపోతే ఓడలు ఆపేస్తారు. ద్వీపంలో చిక్కుకుపోవడం మాటకు సరదాగా ఉంటుందిగాని, హోటల్ బిల్లుకు సరదా ఉండదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం శాంతంగా ఉంటుంది.

స్వరాజ్ ద్వీప్ గురించి ఇప్పటికే చాలామంది రాశారు, నేను క్లుప్తంగా ముగిస్తాను. రాధానగర్ తీరం పడమటి వైపు ఉంది, సూర్యాస్తమయానికి ప్రసిద్ధి. అండమాన్ ఎంతో తూర్పున ఉన్నా మన గడియారమే వాడుతుంది కనుక డిసెంబరులో సాయంత్రం ఐదింటికే పొద్దు గూకుతుంది. మధ్యాహ్నం ఓడలో దిగి, గదికి వెళ్లి, ముస్తాబై బయలుదేరేవారికి చీకటే దక్కుతుంది. ఉదయం ఓడ ఎక్కడమే మంచిది. తీరంలో గవ్వలు, పగడపు ముక్కలు ఏరి ఆడపడుచుకు పట్టుకెళ్దామనుకోకండి. అది చట్టవిరుద్ధం, విమానాశ్రయంలో సామాను తనిఖీ చేసి తీసేసుకుంటారు.

పర్యాటకులకు ఈ ఓడ గురించి ఇంత తెలిస్తే చాలు. ఇక్కడే కాపురం పెట్టబోయేవారికి మాత్రం ఇంకొంత చెప్పాలి. ఆ తిరుగు ప్రయాణంలో నా పక్క బల్ల మీద కూర్చున్న బెంగాలీ ఆవిడ చేతికి తెల్లని శంఖు గాజు, ఎర్ర గాజు ఉన్నాయి. నా మెట్టెలనూ పసుపుతాడునూ చూసి కొత్త పెళ్లికూతురినని గుర్తుపట్టి మాట కలిపారు. తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులుగా వచ్చి ఆ ద్వీపంలో స్థిరపడిన కుటుంబాల్లో వారిదొకటి. నాకు బెంగాలీ రాదు, ఆవిడకు తెలుగు రాదు. ఈ ద్వీపాల్లో అందరినీ కలిపే హిందీలోనే, అదీ ఇద్దరం తడబడుతూనే మాట్లాడుకున్నాము. ఇల్లు తీసుకునే ముందు అద్దె కాదు, నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయో అడగమని చెప్పింది ఆవిడే. ఇక్కడ వానలు దండిగా కురుస్తాయి, అయినా ఎండాకాలంలో ధనిఖారి జలాశయం తగ్గిపోతే కుళాయిలకు వంతులు వేస్తారు. మంచం కంటే ముందు మేము కొన్నది మూత ఉన్న పెద్ద డ్రమ్ములు. పెళ్లికి వచ్చిన కానుకల్లో గోడ గడియారాలు మూడున్నాయిగాని, డ్రమ్ము ఒక్కటీ లేదు.

కూరగాయల ధరలు మొదటి నెలలో నన్ను భయపెట్టాయి. చాలా సరుకు చెన్నై, కోల్‌కతా, విశాఖ రేవుల నుంచి సముద్రం దాటి వస్తుంది, ఓడ ఆలస్యమైతే టమాటా ధర ఆ పూటే తెలుస్తుంది. స్థానికంగా పండేవాటిలో షహీద్ ద్వీప్‌కు మంచి పేరుంది. అక్కడి కూరగాయలు ఈ ఓడల మీదుగానే బజారుకు చేరతాయని తెలిశాక, సందర్శకురాలిగా నేను విసుక్కున్న ఆ తాళ్లు కట్టిన బుట్టలే ఇప్పుడు మా ఇంటి పులుసుకు ఆధారమయ్యాయి. చేపలకు మాత్రం కొరత లేదు. జంగ్లీఘాట్ చేపల రేవులో ఉత్తరాంధ్ర నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలవారు ‘ఏ ఊరమ్మా మీది?’ అని అడిగినప్పుడు, తాజా వంజరం ముక్కలకంటే ఆ పలకరింపే ఎక్కువ ఊరట ఇచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 50 వేలకు పైనే. కొత్త కోడలికి ఇది చిన్న విషయం కాదు.

విశాఖ నుంచి శ్రీ విజయపురానికి నేరుగా ఓడ ఉందని, అందులో వస్తే సామాను కూడా చవకగా తెచ్చుకోవచ్చని మా బంధువులు కొందరు సలహా ఇచ్చారు. ఓడ ఉన్నమాట నిజమే, కాని ప్రయాణం రెండు రోజులకు పైగా పడుతుంది, రోజూ ఉండదు. ఆ నిదానం మాత్రం నేను పొగడిన నిదానం కాదు. చెన్నై నుంచి విమానంలో సుమారు రెండు గంటల్లో చేరవచ్చు.

కనుక ఎవరికి ఏది తగినదో చెబుతాను. మూడు నాలుగు రోజుల ప్యాకేజీలో వచ్చే జంటలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు, గర్భిణులు, అలలకు ముందే భయపడేవారు ప్రైవేటు పడవ ఎక్కడమే మంచిది, డెక్కు ఉన్న పడవ ఏదో అడిగి మరీ టికెట్టు కొనండి. చేతిలో ఒకటి రెండు రోజులు అదనంగా ఉన్నవారు, ఇక్కడే ఉండబోయేవారు ప్రభుత్వ ఓడకు వెళ్లవచ్చు. ఏ పడవైనా వాంతుల మాత్ర బయలుదేరడానికి అరగంట ముందే వేసుకోవాలి, ఊపు మొదలయ్యాక వేసుకుని లాభం లేదు. చీర కంటే చుడీదార్ నయం, జడ గట్టిగా వేసుకోవాలి. తినడానికి పులిహోర కట్టుకుంటే చేతులు కడుక్కునే శ్రమ ఉంటుంది, చపాతీలు ఎండిపోతాయి, అరటిపండ్లూ ఇడ్లీలూ సరిపోతాయి. సంక్రాంతికి మా అత్తగారు, మామగారు వస్తున్నారు. అత్తగారికి ప్రైవేటు పడవలో టికెట్టు తీసుకోవడం అయిపోయింది, ఆవిడకు తోడు నేను వెళ్తాను. మామగారు మాత్రం ఆ 20 రూపాయల నోటు సంగతి విన్నప్పటి నుంచీ ప్రభుత్వ ఓడ డెక్కు మీదే వస్తానని పట్టుబట్టారు గనుక, టికెట్లు వదిలిన రోజు కౌంటర్లో నిలబడే పని మా వారికి పడింది.