ఈఎస్ఎల్ క్లాసు: 5కి మూడున్నర

చేరాలా వద్దా అని నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా. డాలస్ దగ్గర ఒక కమ్యూనిటీ సెంటర్లో 12 వారాల ఈఎస్ఎల్ కోర్సు, అంటే ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకి ఇంగ్లిష్ నేర్పే క్లాసు, మంగళ, గురువారాలు, సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర. సెంటర్ పేరు చెప్పను. ఫీజు లేదు, పుస్తకానికి మాత్రం 30 డాలర్లు. 5కి మూడున్నర ఇస్తా.

ఆ ఒకటిన్నర ఎందుకు కోశానంటే, మొదటిరోజు పరీక్ష పెట్టి లెవెల్ తేలుస్తారు, అది మొత్తం రాతపరీక్షే. ఖాళీలు పూరించండి, యాక్టివ్ వాయిస్‌ని పాసివ్‌లోకి మార్చండి... ఖమ్మంలో తెలుగు మీడియంలో చదివినా ఇలాంటివి నిద్రలో లేపి అడిగినా రాసేస్తాం కదా. 40కి 37 వచ్చాయి, తీసుకెళ్లి లెవెల్ 5లో కూర్చోబెట్టారు. నా పక్కన వెనెజువెలా ఆవిడ. గ్రామర్ అంతా తప్పే, కానీ గలగలా మాట్లాడేస్తుంది. నాకు గ్రామర్ అంతా కరెక్టే, నోరు పెగలదు. రెండు నిమిషాలు మాట్లాడించి చూసుంటే నా సంగతి తెలిసిపోయేది. లెవెల్ 3కి మార్చమని అడిగితే దానికి పది రోజులు తిప్పారు. మీరు చేరితే మార్కులు చూసి మురిసిపోకుండా, మాట్లాడించి లెవెల్ వేయమని ముందే అడగండి.

లెవెల్ 3 టీచరమ్మ మాత్రం బంగారం. మనకి ఉన్నది ఒకటే 'వ' కదా, పడమర అనే వెస్ట్‌కీ, చొక్కా మీద వేసుకునే వెస్ట్‌కీ మన నోట్లో తేడా ఉండదు. ఆవిడ నా చేతికి చిన్న అద్దం ఇచ్చి, దిక్కుకైతే పెదాలు సున్నా చుట్టాలి, పళ్లు తగలకూడదు, బట్టకైతే పై పళ్లు కింది పెదవి మీద ఆనించి గాలి వదలాలి అని చూపించింది. వారం రోజులు పోపు వేస్తూ అదే ప్రాక్టీసు. మా ఆయన ఒకసారి వంటింట్లోకి తొంగి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఇంకోరోజు 'ఐ హావ్ ఎ డౌట్' అని చెయ్యెత్తితే, నేను చెప్పింది నమ్మట్లేదా అన్నట్టు మొహం పెట్టింది. ఇక్కడ క్వశ్చన్ అనాలట. చిన్నప్పటి నుంచీ డౌట్లు అడుగుతూ పెరిగినవాళ్లం, ఏం చేస్తాం!

ఇక ఆ పేరు సంగతి. ఈఎస్ఎల్ అంటే ఇంగ్లిష్ యాజ్ ఎ సెకండ్ లాంగ్వేజ్. సెకండెక్కడిది? మా పదో తరగతిలో సెకండ్ లాంగ్వేజ్ హిందీ, ఇంగ్లిష్ థర్డ్. లండన్‌లో ఉన్న మా పిన్ని కూతురు అక్కడ ఈసాల్ అంటారంది, అంటే ఇతర భాషలు మాట్లాడేవాళ్లకి ఇంగ్లిష్ అని. ఒకటి, రెండు అని లెక్కపెట్టే గొడవ లేదు, ఆ పేరే నయం. మన హైదరాబాద్ ఇఫ్లూ ఇంకో రకం, ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ, దాని పేరులో ఇంగ్లిష్ వేరు, ఫారిన్ లాంగ్వేజెస్ వేరు. అంటే ఇంగ్లిష్ మనకి పరాయిది కాదనే కదా. మరి సొంతమా అంటే కాఫీ ఆర్డర్ ఇవ్వడానికి నాకు చెమటలు పట్టేవి.

క్లాసులో చేరానని ఇంట్లో చెప్తే ఒక్కొక్కరికి ఒక్కోటి అర్థమైంది. మా అమ్మ ఫోన్లో "ఈఎస్ఐ ఆస్పత్రా, ఏమైందే నీకు?" అని కంగారుపడింది. మా ఆయన ఉద్యోగం సూపర్‌మార్కెట్ల సాఫ్ట్‌వేర్, ఆయనకి ఈఎస్ఎల్ అంటే ఎలక్ట్రానిక్ షెల్ఫ్ లేబుల్, అరల మీద ధర చూపించే బుల్లి స్క్రీన్. మావాడికేమో గేమింగ్ టోర్నమెంట్లు పెట్టే కంపెనీ, 2019లో ముంబైలో డోటా 2 పోటీ పెట్టింది వాళ్లే. అంతవరకు పరవాలేదు. గేమ్ చాట్‌లో ఎవరైనా ఇంగ్లిష్ తప్పు రాస్తే 'ఈఎస్ఎల్' అని వెక్కిరిస్తారట, వీడికి ఇంగ్లిష్ రాదురా అని. ఒకరోజు వాడి నోట ఆ మాట విని "నేనూ ఈఎస్ఎల్‌నే కదరా" అన్నా. హెడ్‌సెట్ తీసి "నిన్ను కాదమ్మా" అన్నాడు. ఆ రాత్రి అంట్లు వాడే తోమాడు.

మన పెద్దవాళ్లూ తక్కువేం కాదు. టెక్సస్‌లో పిల్లల్ని స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారం ఇస్తారు. తెలుగు అని రాస్తే పిల్లాడికి ఇంగ్లిష్ పరీక్ష పెడతారు, అందులో తగ్గితే ఈఎస్ఎల్. అందుకే ఇంగ్లిష్ అని రాసేయమని వాట్సాప్‌లో ఒకటే సలహాలు. నేను తెలుగు అనే రాశా, వాడు పరీక్ష రాసి గట్టెక్కాడు. "మీవాడికి ఈఎస్ఎల్ పడిందా?" అని మాత్రం, జ్వరం తగిలిందా అన్నట్టు అడిగారు.

పార్కింగ్ కష్టం, ఆరింటికల్లా వెళ్లిపోండి. చిన్నపిల్లల్ని రానివ్వరు. అద్దం మీరే తెచ్చుకోండి, టీచరమ్మ దగ్గర ఉన్నది ఒకటే, అదిప్పుడు నా హ్యాండ్‌బ్యాగులో ఉంది.