కుట్టు మిషన్ పక్కన పిల్లలు: ఏవి నిలిచాయి, ఏవి అటకెక్కాయి

పిల్లల ఆట సామాను పెట్టెల మీద ‘గంటలకొద్దీ కాలక్షేపం’ అని రాసి ఉంటుంది. నమ్మకండి. రెండు మూడేళ్ల పిల్లాడు ఒకే వస్తువుతో పది నిమిషాలు కుదురుగా ఉన్నాడంటే అదే గొప్ప. కాబట్టి నేను చూసుకునే లెక్క వేరు: మిషన్ మీద బట్టలు కుట్టుకుంటూ, గౌనుకి ఒక చెయ్యి ఎక్కించేలోపు పిల్లల కోసం ఎన్నిసార్లు కుర్చీలోంచి లేవాల్సొచ్చింది? మా పాపకి అయిదేళ్లు, బాబుకి రెండు దాటాయి. పాప బాబంత ఉన్నప్పటి నుంచీ వాడుతున్నవాటి గురించే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ కాలం పనికొచ్చింది ఫెల్ట్ బోర్డు. కొన్నది కాదు, గట్టి అట్టకి ఫెల్ట్ గుడ్డ చుట్టి వెనక గమ్‌తో అంటించాను. ఫెల్ట్ అంటే నేసిన గుడ్డ కాదు, పీచుని అదిమి చేస్తారు. అందుకే ముక్కలు కత్తిరిస్తే పోగులు ఊడవు, అంచు మడిచి కుట్టే పనీ లేదు. ఒకదాని నూగు ఇంకోదాని నూగుని పట్టుకుంటుంది కాబట్టి గమ్ లేకుండానే ముక్క బోర్డు మీద నిలబడుతుంది. నిటారుగా పెడితే జారుతుంది, కాస్త వెనక్కి వాల్చి పెట్టాలి. చొక్కా, చేతులు, గౌను, టోపీ, లాగు ఆకారాలు అరచేయంత సైజులో కత్తిరించి ఇచ్చాను. నేను కుట్టేదే వాళ్లూ కుడుతున్నట్టు అనిపిస్తుందేమో, జంతువుల బొమ్మల కంటే ఇవే ఎక్కువ ఆడారు. ఒకరోజు పాప లాగు ఉండాల్సిన చోట రెండు చేతులు పెట్టి, ‘ఇది చేతుల్తో నడుస్తుంది తమ్ముడూ’ అని వాడికి నచ్చజెప్పింది. వాడు వెంటనే నేల మీద అలా నడవబోయాడు. నాకు ఆ రోజు అంచు మడత మొత్తం పూర్తయింది.

లోపం లేకపోలేదు. వాడగా వాడగా నూగు అణిగిపోయి ముక్కలు జారడం మొదలవుతుంది. పొడి బ్రష్‌తో రుద్దితే కొంత నయం. సింథటిక్ ఫెల్ట్ అయితే వేడి ఇస్త్రీ పెట్టె తగలనివ్వకండి, ముడుచుకుపోతుంది.

లేసింగ్ కార్డులు కొన్నాను, అంటే రంధ్రాల్లోంచి లేసు దూర్చి కుట్టినట్టు ఆడే కార్డులు. అట్టవి అయితే రంధ్రాలు మెత్తబడి చిరిగిపోయాయి, చెక్కవి గట్టిగా ఉన్నాయి. లేసు కొన ఊడిపోతే టేపు బిగించి చుట్టి నడిపించాను. అసలు ఇబ్బంది అది కాదు. పాప కార్డులన్నీ ఒకసారి కుట్టేశాక ఇక వాటి వైపు చూడలేదు. దాని బదులు చిన్న ఎంబ్రాయిడరీ రింగులో వెడల్పు కన్నుల నెట్ గుడ్డ బిగించి, మొండి మొన ఉన్న ప్లాస్టిక్ సూదీ, ఊలు దారం ఇచ్చాను. దారాన్ని సూది కన్నుకి ముడేసి ఇవ్వాలి, లేకపోతే రెండు కుట్లకోసారి ‘అమ్మా, ఊడిపోయింది!’ మొదట్లో సూదిని కిందికి దించి, పైకి తీయకుండా రింగు అంచు మీదుగా తిప్పేసేది. దారం రింగుకే చుట్టుకుపోయేది. నేను విప్పబోతే, ‘అది తప్పు కాదు, డిజైన్’ అంది. సరే, ఉండనీ అని వదిలేశాను. నాలుగేళ్లు దాటినవాళ్లకి కొనదగ్గది ఇదొక్కటే అంటాను.

గుండీలు రంగుల వారీగా ఏరించమని చాలామంది చెబుతారు. ఇంట్లో చిన్నపిల్లాడుంటే వద్దు. అమెరికా ఆటబొమ్మల నిబంధనల్లో మూడేళ్లలోపు పిల్లలకి ఏది ప్రమాదమో తేల్చడానికి 3.17 సెంటీమీటర్ల వెడల్పు గొట్టం వాడతారు. అందులో పూర్తిగా పట్టేసిందంటే గొంతుకి అడ్డం పడే వస్తువు కిందే లెక్క. చొక్కా గుండీ అందులో సగం కూడా ఉండదు. మా ఇంట్లో గుండీల డబ్బా తమ్ముడు పడుకున్నాక పాపకి మాత్రమే తెరుచుకుంటుంది. బాబుకి ఖాళీ అయిన పెద్ద దారపు కోనులు, మూతకి వెడల్పుగా కంత చేసిన రేకు డబ్బా ఇచ్చాను. టపటపా వేస్తాడు, గుమ్మరిస్తాడు, మళ్లీ వేస్తాడు. ఆ చప్పుడు తలనొప్పే, కానీ ఉపయోగపడే తలనొప్పి. మిషన్ ఆపినప్పుడు అది వినపడకపోతే వెంటనే తల తిప్పి చూడాలని అర్థం.

పిల్లలకి మాత్రం వీటన్నిటికంటే మిషన్ పెడల్ మీదే మక్కువ. లేచిన ప్రతిసారీ స్విచ్ ఆపేస్తాను. పిన్నుల్ని పట్టి ఉంచే అయస్కాంతపు గిన్నె అందని అలమరలో ఉంటుంది. పిన్నులు సరే, రెండు అయస్కాంతాలు మింగితే అవి పేగు గోడలు మధ్యలో ఇరుక్కునేలా అతుక్కుని కన్నం పెట్టగలవు. పిన్నులు ఎప్పుడూ లెక్కపెట్టి తీస్తాను, ఒకటి తగ్గితే దొరికేదాకా పని ఆగుతుంది.

మట్టిముద్దలా ఉండే ప్లే డో గుడ్డలకి అంటుకుని ఎండి రాలింది, తీసేశాను. స్టిక్కర్లు నేరుగా మిషన్ మీదికెక్కాయి. ఫోన్లో కార్టూన్లు బ్రహ్మాండంగా పనిచేస్తాయి, ఆపేదాకా. ఆపాక మొదలయ్యే ఏడుపు మాన్పించడానికి, మిగిలిన టైమంతా సరిపోతుంది.

సామానంతా ఒక పెట్టెలో పెట్టి, మిషన్ తిరిగేటప్పుడే తీస్తాను. ఎప్పుడూ నేల మీదే పడి ఉంటే మోజు తీరిపోతుంది. కూర్చోబోయే ముందు కాసేపు వాళ్లతో నేనూ ఆడతాను. పొట్ట నిండిన పిల్లలే కాదు, అమ్మ కాస్త దొరికిన పిల్లలు కూడా కుదురుగానే ఉంటారు. వాళ్లు మెలకువగా ఉన్నప్పుడు నేరు కుట్లు, అంచు మడతలు, దిండు గలీబులే పెట్టుకుంటాను. కటింగు, ఇస్త్రీ, జిప్పు, కాలరు వాళ్లు నిద్రపోయాకే. పైన మెచ్చుకున్నవాటిలో ఏదీ నన్ను ఇంతవరకూ ఒక్క కాలరు సవ్యంగా కుట్టుకోనివ్వలేదు.