సిరామిక్ సీల్ రింగులపై ఆరేళ్లు: రెసిన్ బాండ్ డైమండ్ వీల్ వాడకంపై సమీక్ష

హైదరాబాదు బాలానగర్ పారిశ్రామిక ప్రాంతంలోని మా చిన్న వర్క్‌షాపులో, నీటి పంపులకూ రసాయన పంపులకూ వాడే మెకానికల్ సీల్ రింగులకు, అంటే తిరిగే ఇరుసు దగ్గర ద్రవం కారకుండా ఆపే రింగులకు, తుది గ్రైండింగ్, లాపింగ్ (వజ్రపు పొడి కలిపిన ద్రవంతో పలక మీద రుద్ది నునుపు చేయడం) చేస్తాం. 99.5 శాతం అల్యూమినా, సింటర్ చేసిన సిలికాన్ కార్బైడ్ మాకు నిత్యం వచ్చే సరుకు, యిట్రియా కలిపిన జిర్కోనియా అప్పుడప్పుడు వస్తుంది. ఈ సిరామిక్ పదార్థాలు కొలిమిలో కాలేటప్పుడు ప్రతి దిశలోనూ 15 నుంచి 20 శాతం దాకా, జిర్కోనియా అయితే ఇంకాస్త ఎక్కువగా కుంచించుకుపోతాయి. అందువల్ల కాల్చకముందు ఎంత శ్రద్ధగా తీర్చినా, చివరి కొలత వజ్రంతో సానపట్టినప్పుడే వస్తుంది. ఆరేళ్లుగా ఆ పనికి నేను రెసిన్ బాండ్ డైమండ్ వీల్స్, అంటే వజ్రపు గింజలను రెసిన్‌తో పట్టి ఉంచిన సానచక్రాలు, వాడుతున్నాను. ముగ్గురు తయారీదారుల దగ్గర కొన్నాను, ముగ్గురి సరుకూ దాదాపు ఒకే తీరున నడిచింది. కాబట్టి ఈ సమీక్ష ఏ ఒక్కరి సరుకు గురించీ కాదు, ఈ రకం వీల్ గురించి.

మేము వాడేది 1ఎ1 ఆకారం, అంటే తిన్నని అంచు ఉన్న వీల్. వ్యాసం 200 మి.మీ., వెడల్పు 10 మి.మీ., వజ్రపు పొర మందం 3 మి.మీ., కాన్సన్‌ట్రేషన్ 75. ఈ చివరి అంకె చాలామందిని తికమక పెడుతుంది. కాన్సన్‌ట్రేషన్ 100 అంటే ఘన సెంటీమీటరు పొరలో 4.4 క్యారట్ల వజ్రం, అంటే ఘనపరిమాణంలో నాలుగో వంతు. 75 అంటే 3.3 క్యారట్లు. ఆ లెక్కన మా వీల్ అంచులో సుమారు 61 క్యారట్ల వజ్రపు పొడి ఉంటుంది. ఆ గింజలకు నికెల్ పూత ఉంటుంది. రెసిన్ గింజను గట్టిగా పట్టుకోవడానికీ, కోతలో పుట్టే వేడి ఒక్కసారిగా రెసిన్‌ను తాకకుండా ఉండడానికీ ఆ పూత పనికొస్తుంది. ముతక కోతకు డి126, నడిమి కోతకు డి64, చివరికి డి46 గ్రిట్లు వాడతాం, ఇందులో అంకె వజ్రపు గింజ సైజును సుమారుగా మైక్రాన్లలో చెబుతుంది.

ముందుగా మెచ్చుకోవలసినది చెబుతాను. రెసిన్ బాండ్ మెత్తనిది, కొద్దిగా సాగే గుణం కూడా ఉంది. మొద్దుబారిన గింజను పట్టి ఉంచకుండా వదిలేసి కింది కొత్త గింజకు దారి ఇస్తుంది. దీనివల్ల ముక్క మీద ఒత్తిడి తగ్గుతుంది, అంచులు తక్కువ రాలతాయి. అంతకుముందు మేము కంచు పొడితో చేసిన మెటల్ బాండ్ వీల్ వాడేవాళ్లం. అది ఎక్కువ కాలం మన్నేది, ఆకారం కూడా చెదరకుండా నిలిచేది. అయితే సన్నని గోడల అల్యూమినా రింగుల మీద వీల్ బయటికి వచ్చే వైపు అంచు తరచుగా పెళ్లలు రాలేది. రెసిన్‌కు మారాక ఆ బాధ చాలావరకు పోయింది. వీల్ ఎక్కకముందే రింగు అంచును 45 డిగ్రీల కోణంలో సన్నగా చెక్కుకుంటే మిగిలినదీ పోయింది.

కొత్త వీల్ ఎంత మంచిదైనా మిషన్‌కు బిగించగానే కోయదు. మొదటి ఏడాదిలో మా కష్టాలన్నీ ఈ సంగతి సరిగా తెలియకపోవడం వల్లే వచ్చాయి. వీల్ నిజంగా గుండ్రంగా తిరగాలంటే ముందు ట్రూయింగ్ చేయాలి. బ్రేకు ఉన్న ట్రూయింగ్ పరికరానికి ఆకుపచ్చ సిలికాన్ కార్బైడ్ రాయి బిగించి, డయల్ గేజీ మీద రన్‌అవుట్ (తిరిగేటప్పుడు వీల్ అంచు అటూఇటూ ఊగే కొలత) 5 మైక్రాన్ల లోపుకు వచ్చేదాకా ఓపికగా ఆడించాలి. 20 మైక్రాన్ల రన్‌అవుట్ ఉన్న వీల్‌తో 5 మైక్రాన్ల కోత వేస్తే, వీల్‌లో ఒక పక్కే పని చేస్తుంది, మిగతాది గాలిలో తిరుగుతుంది. అంటే ప్రతి చుట్టూ ముక్క మీద సుత్తి దెబ్బ వంటిదే. అందుకే ప్రతి వీల్‌కూ విడిగా ఒక ఫ్లాంజీ (వీల్‌ను స్పిండిల్‌కు బిగించే బిళ్ల) కొన్నాం. ఒకసారి ట్రూయింగ్ చేసిన వీల్‌ను అరిగిపోయేదాకా ఆ ఫ్లాంజీ నుంచి విప్పం. ఫ్లాంజీలకు పెట్టిన ఖర్చు ఆ ఏడాదే తిరిగి వచ్చింది.

ట్రూయింగ్ అయ్యాక వీల్ నున్నగా, మెరుస్తూ ఉంటుంది. అది కోతకు పనికిరాని స్థితి. తెల్లని అల్యూమినియం ఆక్సైడ్ డ్రెస్సింగ్ కడ్డీని తడిపి వీల్‌కు ఆనిస్తే గింజల మధ్యనున్న రెసిన్ వెనక్కి తగ్గి, గింజల కొసలు పైకి తేలతాయి. మొదట కడ్డీ నెమ్మదిగా అరిగి, తరవాత ఒక్కసారిగా వేగంగా అరగడం మొదలవుతుంది, వీల్ మెరుపు పోయి మసక బూడిద రంగుకు తిరుగుతుంది. అక్కడ ఆపాలి. ఇంకా కొనసాగిస్తే మంచి గింజలు కూడా ఊడిపోతాయి, ఆ నష్టం నేరుగా మన జేబుకే. పని మధ్యలో ఎప్పుడు మళ్లీ డ్రెస్సింగ్ చేయాలో తెలుసుకోవడానికి స్పిండిల్ మోటారుకు ఒక ఆమ్మీటరు తగిలించాం. కరెంటు మెల్లగా పెరుగుతోందంటే వీల్ మొద్దుబారుతోందని అర్థం. మా దగ్గర ముప్పై ఏళ్లు ఉక్కు గ్రైండింగ్ చేసి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు, ఆయన ఆమ్మీటరు చూడకుండా శబ్దం విని చెప్పేస్తారు. ఆయన మాటకూ ముల్లు కదలికకూ తేడా వచ్చిన రోజు నాకు గుర్తు లేదు.

వేగం గురించి రెండు మాటలు. 200 మి.మీ. వీల్ నిమిషానికి 2,800 చుట్లు తిరిగితే అంచు వేగం సెకనుకు 29 మీటర్లు దాటుతుంది. తడి గ్రైండింగ్‌లో రెసిన్ బాండ్‌కు అది పైహద్దుకు దగ్గర. జిర్కోనియాకు నేను దాన్ని 20 మీటర్లకు తగ్గిస్తాను. ముతక కోత ఒక్కో పాస్‌కు 10 నుంచి 15 మైక్రాన్లు, చివరి కోత 2 మైక్రాన్లు, ఆపైన లోతు పెంచకుండా కొన్ని ఉత్త పాస్‌లు.

ఇక ఈ సమీక్ష రాయడానికి అసలు కారణమైన సంగతి. 2020లో ఒక రసాయన కర్మాగారానికి వెళ్లిన అల్యూమినా రింగుల్లో కొన్ని కొద్ది వారాలకే పగిలి తిరిగివచ్చాయి. మా తనిఖీ కాగితాల్లో అన్నీ సవ్యంగానే ఉన్నాయి: ఆర్ఏ విలువ (ఉపరితలపు సగటు గరుకుతనం) అడిగినదానికంటే మెరుగు, చదును సరిగ్గా ఉంది, రంగు ద్రావకం పూసి చూసిన పరీక్షలోనూ ఏమీ కనిపించలేదు. పగిలిన ముక్కలను బల్ల మీద పేర్చి చూస్తే, దాదాపు ప్రతి రింగూ ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లే విడిపోయింది. ఆ రెండు చోట్లా గ్రైండింగ్ గీతలు కేంద్రం నుంచి బయటికి, అంటే వ్యాసార్ధం వెంట ఉన్నాయి. మా బల్ల ముందుకూ వెనక్కూ కదిలేది కాబట్టి గీతలన్నీ ఒకే దిశలో సమాంతరంగా పడతాయి. రింగులో లాగుడు మాత్రం చుట్టుకొలత వెంట ఉంటుంది. గీత ఆ లాగుడుకు అడ్డంగా పడేది సరిగ్గా ఆ రెండు చోట్లే.

గీతల కింద ఏముందో చూడాలని, అదే లాటులో మిగిలిన ఒక రింగు ముక్కను 3 డిగ్రీల వాలుగా పాలిష్ చేసి మైక్రోస్కోపు కింద పెట్టాం. ఆ కోణంలో లోతు 19 రెట్లు సాగి కనిపిస్తుంది, అంటే ఒక మైక్రాను లోతు 19 మైక్రాన్ల పొడవుగా పరచుకుంటుంది. పైన నున్నగా ఉన్న ముఖం కింద 20 నుంచి 30 మైక్రాన్ల లోతు దాకా సన్నని పగుళ్లు దిగి ఉన్నాయి. అవి డి126 వీల్ చేసిన గాయాలు. ఆ తరవాత డి46తో మేము తీసింది 10 మైక్రాన్లే. లాపింగ్‌లో పై ముఖం మెరుగుపడింది గానీ కింది పగుళ్లు అలాగే మిగిలాయి. పగుళ్ల నోళ్లు పూడుకుపోవడంతో రంగు ద్రావకం లోపలికి దిగలేదు. అల్యూమినా ఉష్ణఘాతాన్ని పెద్దగా ఓర్చుకోలేదు. పంపు కాసేపు ఎండుగా తిరిగి, తరవాత చల్లని ద్రవం తగిలితే చాలు, ఆ పగులు కదులుతుంది.

తప్పు వీల్‌ది కాదు, మా క్రమానిది. అప్పటినుంచి రెండు మార్పులు చేశాం. డి126 తరవాత డి64తో కనీసం 40 మైక్రాన్లు, దాని తరవాత డి46తో కనీసం 15 మైక్రాన్లు తీస్తాం, ఎంత తొందర పని అయినా ఈ అంకెలు తగ్గవు. చివరి కోతను గుండ్రంగా తిరిగే బల్ల మీదికి మార్చాం, గీతలు ఇప్పుడు రింగు చుట్టూ వలయాలుగా పడతాయి. ఒక్కో రింగుకు పని సమయం దాదాపు మూడో వంతు పెరిగింది. ధర పెంచవలసి వచ్చినందుకు ఇద్దరు కొనుగోలుదారులు వెళ్లిపోయారు కూడా. ఆ తరవాత ఆ రీతిలో పగిలిన రింగు మాత్రం ఒక్కటీ తిరిగి రాలేదు. ఆర్ఏ అంకె ఒక్కటే చూసి సిరామిక్ భాగాన్ని అంగీకరించే కొనుగోలుదారులకు నా విన్నపం: ఏ గ్రిట్‌తో ఎంత మందం తీశారో కూడా అడగండి.

జిర్కోనియా తీరు వేరు. గ్రైండింగ్ ఒత్తిడికి దాని పై పొరలోని టెట్రాగొనల్ స్ఫటికాలు మోనోక్లినిక్ రూపానికి మారతాయి, మారినప్పుడు సుమారు 4 శాతం ఉబ్బుతాయి. ఆ ఉబ్బు పై పొరను నొక్కి పట్టి, పగుళ్లు తెరుచుకోకుండా కొంతవరకు కాపాడుతుంది. మితిమీరితే అదే పొర చిట్లుతుంది. పైగా జిర్కోనియా వేడిని బాగా మోయలేదు, పుట్టిన వేడంతా కోత దగ్గరే నిలిచి రెసిన్‌ను కాలుస్తుంది. కూలెంట్ తగ్గితే వీల్ కింద నారింజ రంగు మెరుపు కూడా కనిపిస్తుంది. అల్యూమినా మీద, రింగులు అతికించిన ఉక్కు పలకలు నాలుగింటికి ఒకసారి డ్రెస్సింగ్ సరిపోతే, జిర్కోనియాకు ప్రతి పలకకూ చేయాలి. జిర్కోనియా మాత్రమే చేసే వర్క్‌షాపుకు ఈ వీల్‌ను నేను మొదటి ఎంపికగా చెప్పను, సూక్ష్మ రంధ్రాలున్న విట్రిఫైడ్ బాండ్ (గాజు వంటి బంధం) వీల్ ముందుగా ప్రయత్నించి చూడడం మంచిది.

ముక్కను పట్టి ఉంచడం మరో చిక్కు. సిరామిక్ అయస్కాంతానికి అంటదు కాబట్టి మాగ్నెటిక్ చక్ నేరుగా పనికిరాదు. ఉక్కు పలకను వేడిచేసి, దాని మీద మైనంతో రింగులు అతికించి, ఆ పలకను చక్ మీద పెడతాం. మైనం పొర సమంగా లేకపోతే ముఖాల సమాంతరత చెడుతుంది, పలకను గబగబా చల్లారిస్తే రింగులో బిగువు మిగిలిపోతుంది. చల్లారడానికి అరగంట ఇవ్వాలి.

కూలెంట్ విషయంలో పొదుపు చేయకూడదు. నీటిలో కలిసే సింథటిక్ కూలెంట్‌ను 4 శాతం పాళ్లలో వాడుతున్నాం. దాన్ని వడకట్టడానికి కాగితపు ఫిల్టరు, ఆపైన రెండు తొట్లు ఉన్నాయి. అల్యూమినా బురద అసలే సానపొడి వంటిది, మిషన్ గైడ్‌వేల్లోకి (బల్ల జారే దారుల్లోకి) చేరితే వాటినే అరగదీస్తుంది. ఉక్కు పని చేసే మిషన్ మీద సిరామిక్ పెట్టవద్దని గట్టిగా చెబుతాను. గైడ్‌వేలకు మడతల తొడుగులు లేకుండా నడిపిన మా పాత మిషన్ రెండేళ్లకే మరమ్మతుకు వచ్చింది. తొట్టి అడుగున ఎండిన బురదను ఊడ్చేటప్పుడు మాస్కు తప్పనిసరి, మేము తడిపి గాని కదిలించం.

డి46 తరవాత మా అల్యూమినా రింగులకు ఆర్ఏ 0.3 మైక్రాన్ల చుట్టుపక్కల వస్తుంది. అక్కడినుంచి పోత ఇనుప లాపింగ్ పలక మీద 6 మైక్రాన్ల డైమండ్ స్లర్రీ, తరవాత రాగి మిశ్రమ పలక మీద 3 మైక్రాన్లది. చదును ఆప్టికల్ ఫ్లాట్‌తో (ఖచ్చితంగా చదునైన గాజు బిళ్ల), ఏకవర్ణ కాంతి కింద కనిపించే వెలుగునీడల గీతలను బట్టి చూస్తాం. ఆ గీతల్లో ఒకటి, అంటే ఒక హీలియం లైట్ బ్యాండ్, అంటే 0.29 మైక్రాను, మాకు రెండు బ్యాండ్ల లోపు రావాలి. లాపింగ్ పలక మీదినుంచి తీసిన రింగును వెంటనే చూడకూడదు, చేతి వేడికే గీతలు వంగి కనిపిస్తాయి. ఇరవై నిమిషాలు రాతి బల్ల మీద ఉంచి చూస్తే నిజం తెలుస్తుంది. అల్యూమినాలో సహజంగా ఉండే సన్నని రంధ్రాల వల్ల ఆర్ఏ ఒక హద్దు దాటి తగ్గదు. అక్కడ ఇంకా రుద్దితే గింజలు ఊడి ముఖం పాడవుతుంది. సిలికాన్ కార్బైడ్ అద్దంలా వస్తుంది, కానీ రెండు కార్బైడ్ ముఖాలు ఒరుసుకునే సీల్‌కు కొందరు డిజైనర్లు మసక ముఖమే కోరతారు, ముఖాల మధ్య ద్రవపు పొర నిలవాలన్నది వారి ఉద్దేశం.

మా రిజిస్టరు ప్రకారం డి64 వీల్ ఒకటి సుమారు తొమ్మిది నెలలు వస్తుంది, డి126 ఆరు నెలలకే అయిపోతుంది. పొర అర మిల్లీమీటరుకు దిగాక వీల్ శబ్దం మారుతుంది, అంచు ఆకారం కూడా నిలవదు. అక్కడే తీసేయాలి. చివరి అర మిల్లీమీటరు కోసం ఆశపడి ఒకసారి పలకకు పలక పాడుచేసుకున్నాం. అల్యూమినా, సిలికాన్ కార్బైడ్ పనికి ఈ ఏడాది కూడా ఇవే వీల్స్ తెప్పించాను. డి46ను మాత్రం ఈసారి కాన్సన్‌ట్రేషన్ 100తో అడిగాను, సన్నని కోతలో అంచు ఆకారం ఇంకాస్త ఎక్కువ కాలం నిలుస్తుందేమో చూడాలని.