నాయన కీప్యాడ్ ఫోన్‌కు తొమ్మిదేళ్ల మెసేజ్‌లు: మామూలు ఎస్ఎంఎస్‌పై నా సమీక్ష

మా నాయనకు చెవులు సరిగ్గా వినపడవు. మిషన్ పెట్టుకుంటే ఎదురుగా కూర్చున్న మనిషి మాట అందుతుంది గానీ, ఫోన్‌లో గొంతు మాత్రం ఉత్త గరగరలాగే ఉంటుందంటాడు. ఆయన పొదలకూరు దగ్గర పల్లెలో నిమ్మతోట చూసుకుంటాడు. నేను నెల్లూరులో ఉంటాను. అమ్మకు ఫోన్ చేయొచ్చు, కానీ అమ్మ ఇంట్లో ఉంటే నాయన రెండు కిలోమీటర్ల అవతల తోటలో ఉంటాడు. అందుకని 2016 నుంచి మా ఇద్దరి మాటలూ మెసేజ్‌లలోనే. వాట్సాప్ కాదు, మామూలు ఎస్ఎంఎస్.

"ఇంకా ఎస్ఎంఎస్ ఏంది, ఓటీపీలకు తప్ప దేనికి పనికొస్తుంది" అని ఎవరన్నా అంటే నాకు కష్టంగా ఉంటుంది. ఊళ్లో పెద్దవాళ్లున్న ఇంటికి ఇంతకంటే నమ్మకమైనది నాకు కనపడలేదు. కాకపోతే వాడే పద్ధతి తెలియాలి. అది నాకు పట్టుబడడానికి రెండేళ్లు పట్టింది.

ముందు ఫోన్ సంగతి. మొదట కొన్న కీప్యాడ్ ఫోన్‌లో తెలుగు మెసేజ్ పోతే అక్షరాల బదులు వరసగా డబ్బాలు కనపడేవి. ఫోన్ వచ్చిన అట్టపెట్టె మీద తెలుగు ఉందని రాసి ఉంది, కానీ అది మెనూకే. అప్పటినుంచి ఎవరు ఫోన్ కొంటున్నామన్నా ఒకటే చెబుతున్నాను: షాపులోనే మీ సిమ్ అందులో వేయించి, పక్కవాళ్ల ఫోన్ నుంచి "లక్ష్మి", "స్త్రీ" అనే రెండు మాటలు పంపించి చూడండి. వత్తులు విడిపోకుండా కింద కూర్చుంటే ఆ ఫోన్ తీసుకోవచ్చు. నాయనకు ఇంగ్లిష్ చదవడం రాదు. వచ్చినవాళ్లకైనా తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి పంపితే తికమకే. మా తోట భాషలో "కోత", "కొత్త" రెండూ ఆ అక్షరాల్లో ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

2019లో ఒక నెల స్మార్ట్‌ఫోన్ కూడా చేతికిచ్చి చూశాను. నిమ్మముళ్లు గీసుకుపోయి మొద్దుబారిన వేళ్లు ఆయనవి. ఒకచోట నొక్కితే ఇంకోటి తెరుచుకునేది, చాలాసార్లు అసలు కదిలేదే కాదు. పాత ఫోనే నయమని సిమ్ తీసి మళ్లీ అందులో వేసుకున్నాడు.

ఇక అసలు విషయం, పొడవు. ఒక ఎస్ఎంఎస్‌కు ఉన్న చోటు 140 బైట్లు. 1992 డిసెంబరులో బ్రిటన్‌లో మొదటి మెసేజ్ పోయిన రోజుల నుంచీ ఆ కొలత పెరగలేదు. ఇంగ్లిష్ అక్షరాలైతే అందులో 160 పడతాయి. తెలుగు అక్షరానికి ఎక్కువ చోటు కావాలి కాబట్టి 70 మాత్రమే. ఆ 70 కూడా మనం పలికే అక్షరాలు కాదు. గుణింతం గుర్తు ఒకటి, వత్తు కోసం పడే పొల్లు ఒకటి, అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "లక్ష్మి" మన కంటికి రెండక్షరాలు, ఫోన్ లెక్కలో ఏడు. పైగా ఇంగ్లిష్ మెసేజ్ మధ్యలో ఒక్క తెలుగు అక్షరం పెట్టినా, ఒక నవ్వు బొమ్మ పెట్టినా మొత్తం మెసేజ్ 70 లెక్కలోకి పడిపోతుంది. 70 దాటితే 67 చొప్పున ముక్కలు చేసి పంపుతుంది, అవతలి ఫోన్ వాటిని అతికించి చూపాలి. ప్యాక్‌లో రోజుకు ఇచ్చే 100 మెసేజ్‌లలో ఒక్కో ముక్కా ఒక్కో మెసేజ్ కిందే పోతుంది.

ఈ లెక్క తెలియక 2018 ఎండాకాలంలో దెబ్బ తిన్నాం. నిమ్మకాయల మార్కెట్ యార్డుకు రెండు రోజులు సెలవని తెలిసి సాయంత్రం నాయనకు మెసేజ్ పెట్టాను. ఎట్లున్నావు, మాత్రలు వేసుకున్నావా, పిల్లల పరీక్షలు అయిపోయాయి, ఇవన్నీ రాసి చివర్లో మార్కెట్ లేదు, కోత పెట్టుకోవద్దు అన్నాను. అది ముక్కలై పోయింది. నాయన ఫోన్‌లో అడ్డమైన ప్రకటనలతో ఇన్‌బాక్స్ నిండిపోయి ఉంది, చివరి ముక్క లోపలికి రాలేదు. పిల్లల పరీక్షల దాకా చదివి సంతోషపడి పడుకున్నాడు. పొద్దున కూలీలు వచ్చారు, మధ్యాహ్నానికి పదకొండు బస్తాలు దిగాయి. రెండు రోజులు తడిపిన గోతాలు కప్పి చెట్ల కింద ఉంచినా ఆ ఎండకు కాయ రంగు తిరిగింది. ఢిల్లీ దాకా పోవాల్సిన లోడుకు పండుబారిన కాయ తీసుకోరు కదా, వేరు చేసి తక్కువకు ఇవ్వాల్సి వచ్చింది. "నువ్వు రాశావులే అబ్బయ్యా, నాకే రాలేదు" అన్నాడు గానీ తప్పు నాది.

ఆ తర్వాత నా రాత మారింది. ఇప్పుడైతే ఇట్లా పంపుతాను: "నాయనా, రేపు కోత వద్దు. మార్కెట్ లేదు." ఖాళీలు, చుక్కలు అన్నీ కలిపి 37. ఒక మెసేజ్‌లో ఒకటే సంగతి. చేయాల్సిన పని ముందు, కారణం తర్వాత, అదీ చోటుంటేనే. క్షేమ సమాచారాలు రాత్రి వేరే మెసేజ్‌లో. నాయన తెర మీద ఒకేసారి నాలుగు వరసలు కనపడతాయి. కిందికి జరపకుండానే విషయం తెలిసిపోవాలి.

జవాబు ఇంకో సమస్య. కీప్యాడ్ మీద తెలుగు కొట్టాలంటే ఒక్కో మీటను పదే పదే నొక్కాలి, వత్తు కావాలంటే ఇంకా కష్టం. అందుకని అంకెలు పెట్టుకున్నాం. 1 అంటే చదివాను. 2 అంటే మనిషిని పంపించు లేదా నువ్వే రా. 3 అంటే బీపీ మాత్రలు అయిపోవచ్చాయి. 4 అంటే మోటారు పని చేయట్లేదు. ఆ నాలుగూ అట్ట మీద రాసి ఫోన్ కవరులో పెట్టాం, వారం తిరక్కుండానే ఆ అట్టతో పని లేకుండా పోయింది. 1 రాకపోతే అరగంట ఆగి అమ్మకు ఫోన్ చేస్తాను. ఈ ఒక్క ఏర్పాటుతో మా ఇంట్లో సగం టెన్షన్ పోయింది.

నా ఫోన్‌లో గూగుల్ మెసేజెస్ యాప్ వాడతాను. సెట్టింగుల్లో డెలివరీ రిపోర్ట్ ఆన్ చేసుకోవడం మాత్రం మరవద్దు. మెసేజ్ అవతలి ఫోన్‌లో దిగిందో లేదో అది చెబుతుంది, చదివాడో లేదో చెప్పదు. పంపే గుర్తును కాసేపు నొక్కి పట్టుకుంటే టైము పెట్టుకోవచ్చు. మాత్రల మెసేజ్‌లు ఆదివారం రాత్రే వారానికి సరిపడా రాసి పెట్టేస్తాను. ఆ టైముకు నా ఫోన్ ఆన్‌లో ఉండి సిగ్నల్ ఉంటేనే పోతాయని గుర్తుపెట్టుకోవాలి.

ఇదే యాప్‌తో ఒక ఇబ్బందీ పడ్డాను. నాయన స్మార్ట్‌ఫోన్ వాడిన నెలలో మా మెసేజ్‌లు మాకు తెలియకుండానే నెట్ మీద పోయే ఆర్‌సీఎస్ చాట్‌గా మారాయి. సిమ్ పాత ఫోన్‌లోకి మార్చినా నా ఫోన్ అట్లాగే పంపుతూ పోయింది. రెండు రోజులు ఒక్కటీ అందలేదు. సిమ్ తీసే ముందు ఆ స్మార్ట్‌ఫోన్‌లో ఆర్‌సీఎస్ ఆపేయాలి. ఆ పని ముందే చేసి ఉండాల్సింది.

2021 నవంబరు వానలు మన జిల్లాలో ఎవరూ మరిచిపోరు. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన రోజులు. మా ఊళ్లో కరెంటు లేదు. అమ్మకు ఫోన్ కలవలేదు, నెట్ లేదు. "ఇంట్లోనే ఉండు. తోటకు పోవద్దు" అని రాత్రి మెసేజ్ పెట్టాను. రిపోర్ట్ రాలేదు. ఎస్ఎంఎస్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే: అవతలి ఫోన్ దొరక్కపోతే మెసేజ్ కంపెనీ సెంటర్‌లో ఆగి ఉంటుంది, సిగ్నల్ తగలగానే దిగుతుంది. మాట్లాడడానికి చాలని సన్నటి సిగ్నల్ కూడా దానికి చాలుతుంది. తెల్లవారుజామున రిపోర్ట్ వచ్చింది. కాసేపటికి 1 వస్తుందని చూస్తుంటే, అంకె కాదు, మాటలే వచ్చాయి: "వాన తగ్గింది". నాయన తెలుగులో తనంతట తాను కొట్టిన మొదటి మెసేజ్ అది. ఆ "గ్గి" కోసం ఎన్నిసార్లు నొక్కాడో. దానికి స్టార్ పెట్టి దాచుకున్నాను.

ఇన్‌బాక్స్ శుభ్రం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. పెద్దవాళ్ల ఫోన్ నుంచి 1909కి ఇంగ్లిష్‌లో స్టార్ట్ అని, ఒక ఖాళీ వదిలి సున్నా కొట్టి పంపండి. ప్రకటనలు చాలావరకు తగ్గుతాయి, బ్యాంకు మెసేజ్‌లు మాత్రం వస్తాయి. ఇప్పుడు పంపినవాళ్ల పేరు చివర గీత పెట్టి ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటోంది. పీ ఉంటే ప్రకటన, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. నేను ఊరికి పోయినప్పుడల్లా కాళ్లు కడుక్కుని చేసే మొదటి పని నాయన ఫోన్‌లో పనికిరానివి తీసేయడం.

మోసాల మెసేజ్‌లు మాకూ వచ్చాయి. బిల్లు కట్టలేదు, ఈ రాత్రికి కరెంటు తీసేస్తాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని పదంకెల నంబరు నుంచి వచ్చింది. ఫోన్‌లో మాట్లాడలేడు కాబట్టి నాయన నాకు 2 కొట్టాడు. మా పక్క తోట ఆయన మాత్రం ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన యాప్ వేసుకుని డబ్బు పోగొట్టుకున్నాడు. అట్లా జరిగితే సిగ్గుపడి ఊరుకోవద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

లోపాలు లేవనను. ఆకు మీద తెగులు ఫొటో పంపమంటే దీనితో కాదు. రహస్యాలకూ ఇది తగింది కాదు, ఏటీఎం పిన్ లాంటివి ఇందులో ఎప్పుడూ రాయొద్దు. కీప్యాడ్ ఫోన్లు తయారుచేసేవాళ్లను నేను కోరేది ఒక్కటే, తెలుగు టైపింగ్ కాస్త సులువు చేయండి. మొన్న నాయన "పూత బాగుంది" అని పంపాడు. ఎంతసేపు పట్టిందని అమ్మనడిగితే, మోటారు వేసి వచ్చి మంచం మీద కూర్చున్నవాడు అన్నానికి పిలిచేదాకా దాంతోనే ఉన్నాడంట.